సలికాలం సెలవేటి బాబూ?

మొన్న సంక్రాంతి సంబరాల్లో, ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం వేదిక మీద ఒక స్లైడు పడింది. శ్రీకాకుళం జిల్లాలో మనం దత్తత తీసుకున్న ఎకరం పెర్మాకల్చర్ (ప్రకృతి తీరును అనుసరించి రకరకాల పంటలు, చెట్లు కలిపి పెంచే సాగు) పొలానికి వార్షిక ప్రణాళిక అది. అందులో "డిసెంబరు నుంచి ఫిబ్రవరి: విశ్రాంతి" అని రాసుంది. దాని వెనకాలే రెండో స్లైడు, శిక్షణ హాలు బొమ్మ, ఏసీతో సహా. ఆ ఊరి మహిళా సంఘం నుంచి ఇద్దరు జూమ్‌లో ఉన్నారు. ఇక్కడ రాత్రి ఎనిమిదంటే అక్కడ పొద్దున్న ఆరున్నర, ఇంకా మంచు విడవని వేళ. ఒకావిడ ఒక్క మాటే అంది: "మా పొలానికి సలికాలం సెలవేటి బాబూ?" హాల్లో నవ్వులు. ఆవిడ మాటకో, యాసకో తెలియదు. రెండో ఆవిడ నోరు తెరిచేలోపే మ్యూటు పడింది, పిల్లల డాన్సుకు టైమైందని.

నేల గడ్డకట్టే దేశం క్యాలెండరును గడ్డకట్టని నేల మీద పరిచాం. అక్కడ జనవరిలో ఆగేది వాన ఒక్కటే. వరి కోత దగ్గర్నుంచి శివరాత్రి దాకా పని ఒక వరస.

మొదటిది పైర చల్లడం. కోతకు రెండు మూడు రోజుల ముందు, వరి ఇంకా నిలబడి ఉండగానే మినుములు చల్లుతారు. మడిలో అడుగేస్తే ముద్ర పడాలి, ఆ ముద్రలో నీరు ఊరకూడదు. నీరూరితే గింజ కుళ్లుతుంది, ముద్రే పడకపోతే మొలవదు. ఎకరాకు 16 నుంచి 18 కిలోలు పడుతుంది. దుక్కిలో వేసేదానికన్నా ఇది బాగా ఎక్కువే, ఎందుకంటే పైన పడిన గింజలో కొంత పిట్టల పాలు, కొంత కోసేవాళ్ల కాళ్ల కింద. అపరాలు ఎప్పుడూ వేయని మడైతే 200 గ్రాముల రైజోబియం (అపరాల వేళ్లకు నత్రజని అందించే సూక్ష్మజీవుల పొడి) బెల్లం నీళ్లతో విత్తనానికి పట్టించి నీడలో ఆరబెట్టాలి. ఈ పైరకు శత్రువు కోత మిషను. తడి మడిలోకి దిగిందంటే చక్రాల బాట పొడవునా మొలకుండదు. అందుకే పైర వేసిన మడిని చేత్తో కోయించాలి, కూలి ఎక్కువైనా సరే. తర్వాత బంగారుతీగ, పైరును చుట్టుకుని దాని రసం పీల్చే కలుపు తీగ. అది పూతకు రాకముందే, పట్టిన మొక్కతో సహా పీకి కాల్చేయాలి. గింజ రాలిందా, ఏళ్ల తరబడి ఆ మడిని వదలదు.

మెట్ట మీద ఉలవలు మంచుతోనే గింజ కడతాయి. పెరట్లో చిక్కుడుకు నార తీసేసిన గోగు పుల్లలతో పందిరి వేస్తారు, విజయనగరం వైపు వాటికి కరువు లేదు.

ఇక తేగల పాతర. పెర్మాకల్చర్ గురించి హాల్లో చెప్పించే పాఠాలన్నీ కలిపినా ఈ పాతర దగ్గర గంట నిలబడితే తెలిసేంత తెలియదు. భాద్రపదంలో తాటిపళ్ల గుజ్జు తీసేశాక టెంకలు పోగేస్తారు. ఇసుక పాలున్న నేలను మోకాలి లోతు గుల్ల చేసి, పైన టెంకలు పక్కపక్కనే పేర్చి, పల్చగా మట్టి కప్పుతారు. మొలక పైకి రాదు, కిందికి దిగుతుంది. అందుకే ఆ లోతు. అడుగున గట్టి నేల తగిలితే తేగ పొట్టిగా, వంకరగా ఊరుతుంది. పుష్యమాసంలో తవ్వేటప్పుడు పైనుంచి గునపం దింపకూడదు, తేగ రెండు ముక్కలవుతుంది. పక్కన గొయ్యి తీసి, మట్టిని ఆ గోతిలోకి జార్చుకుంటూ రావాలి. ఆలస్యం చేస్తే ఆకు పైకొచ్చి తేగంతా పీచే. టెంక పగలగొడితే లోపల బుర్రగుంజు, అది మాత్రం తవ్వినవాళ్లకే. తవ్విన చోట నేల గుల్లగా ఉంటుంది కాబట్టి వేసవి చివర అక్కడే కంద పెట్టుకోవచ్చు. ఒకే గుంటలో రెండు పంటలు, దుక్కి ఒక్కసారే.

అలాగని ఊళ్లో చేసేదంతా ఒప్పనలేం. కోతలవగానే పశువులను వదిలేసే అలవాటు ఉంది చూశారూ, చిన్న తోటలను తినేసేది అదే. పైర మడికి పదిమంది కాపలా ఉంటారు, గట్టు మీద నాటిన మునగకు, సీతాఫలానికి ఎవరూ ఉండరు. ముళ్లకంప ఒక్క ఏడాదికే సరి. వావిలి, గ్లైరిసిడియా కొమ్మలు జూన్‌లో దగ్గరదగ్గరగా పాతితేనే మూడో చలికాలానికి కంచె అవుతుంది. ఊరంతా ఒక మాట మీదకొచ్చి పశువులను కట్టుకోకపోతే అదీ ఆగదు.

మన తప్పు ఇంకొకటుంది. పోయినేడు మొక్కల మొదళ్లలో గడ్డి కప్పమని ఇక్కణ్నుంచి వీడియో పంపాం. అక్కడ వరిగడ్డి పశువుల మేత. అది మొక్కలకు వేస్తే ఆవు ఏం తినాలి? పైగా ఎర్రనేలలో ఎండుగడ్డి మందంగా వేస్తే చెదలు తప్పవు. తాటాకులు, కొబ్బరి మట్టలు, జీడితోట ఆకు చాలు. మందం నాలుగు వేళ్లు, మొదలు చుట్టూ జానెడు ఖాళీ.

హాలు వద్దనడం ఆ ఊరివాళ్ల చదువును చిన్నబుచ్చడం కాదు. వానాకాలంలో కూర్చోవడానికి ఒక చూరు కావాలి, ఒప్పుకుంటాం. రేకుల పాక చాలు. 2016 నుంచి ఆంధ్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి సాగులో పాఠం చెప్పేది తోటి రైతే, ఊళ్లోకి దారి మహిళా సంఘాలే. హైదరాబాదు నుంచి విమానంలో శిక్షకుణ్ని దింపాల్సిన పని లేదు. పైర చల్లే పూట నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు సగం రోజు కూలి ఇద్దాం, లేకపోతే వాళ్లు పక్క చేలో కోతకు పోతారు, పోవాలి కూడా. పాతర తవ్వి చూపించే ముసలమ్మకు, శిక్షకుడికి రాసిన గౌరవ వేతనమే రాద్దాం. వచ్చే కార్యవర్గ సమావేశంలో హాలు పద్దు కొట్టేసి ఈ రెండు పద్దులు రాయండి, దయచేసి.

పెద్దపండక్కి టిక్కెట్లు ఎలాగూ కొంటారు. ఈసారి రెండు రోజులు ముందు దిగండి. పొద్దున్న ఆరున్నరకు పాతర దగ్గరుంటారు వాళ్లు, గునపాలు వాళ్లవే.