మహేంద్రతనయ దాటితే ట్రాన్స్‌ఫరయ్యే డాక్టరు

ఈ మెసేజ్ నా ఫోన్‌కి రావడం ఈ వారంలో ఇది ఐదోసారి. మొదట పాతపట్నం నుంచి మా పిన్ని పంపింది. తర్వాత గుణుపురం బావ. నిన్న ఇక్కడే, ఒడిశా వైపున్న పర్లాకిమిడిలో, పక్కింటావిడ ఒడియాలో పంపింది. తెలుగు మెసేజ్ కింద 'విశాఖ పెద్ద డాక్టరు గారి సలహా' అని ఉంది. ఒడియాలోకి వచ్చేసరికి అదే డాక్టరు కటక్ వెళ్లిపోయాడు. మహేంద్రతనయ నది దాటి ఒడిశాలోకి వస్తే చాలు, ఆయనకు ట్రాన్స్‌ఫర్! గర్భిణులకు, బాలింతలకు జలుబు, దగ్గు, జ్వరం వస్తే పాటించాల్సిన ఆరు సూత్రాలట.

చద్దన్నం, అరటిపండు తింటేనే జలుబు చేస్తుందన్నది మొదటిది. పఖాళ, అంటే ఒడియా చద్దన్నం, తినని ఇల్లు ఈ ఊళ్లో ఒక్కటి చూపించండి. పదండి ముందుకు.

కర్పూరం మూట వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందన్నది రెండోది. పెరగదు. కోవిడ్ రోజుల్లోనూ ఇదే తిరిగింది. పసిబిడ్డ దగ్గర మాత్రం కర్పూరం ఉంచకండి, ఒంట్లోకి పోతే ఫిట్స్ వస్తాయి.

మూడోది: కడుపులో బిడ్డకు మాయ (ప్లాసెంటా) అడ్డుంటుంది కాబట్టి తల్లి జ్వరాన్ని పట్టించుకోనక్కర్లేదు, మాత్రలు అసలే వద్దు. ఇందులో సగం నిజం ఉంది. ఫ్లూ అయినా కోవిడ్ అయినా వైరస్ మాయ దాటి బిడ్డను చేరడం అరుదే. కానీ నెలలు నిండేకొద్దీ కడుపు పైకి తోసుకొచ్చి తల్లి ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది. ఆక్సిజన్ అవసరమేమో పెరుగుతుంది. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు అమెరికా జనాభాలో గర్భిణులు నూటికి ఒక్కరు, ఆ జబ్బుతో పోయినవాళ్లలో మాత్రం నూటికి ఐదుగురు. తల్లికే ఊపిరాడకపోతే మాయ ఏం కాపాడుతుంది? నెలలు నిండకుండానే కాన్పు కావడం, బిడ్డ బరువు తగ్గడం అలాగే వస్తాయి. జ్వరానికి పారాసెటమాల్ వేసుకోవచ్చు. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలే డాక్టరును అడక్కుండా వేసుకోకూడదు. ఫ్లూ అని అనుమానముంటే డాక్టరు రాసే ఫ్లూ మందు ఒసెల్టామివిర్ మొదటి రెండు రోజుల్లోనే మొదలుపెట్టాలి. కషాయం తాగుతూ వారం చూద్దాం అంటే కుదరదు.

ఫ్లూ టీకాతో గర్భం పోతుందన్నది నాలుగోది. సూదితో వేసేది చంపిన వైరస్‌తో చేసిన టీకా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే గర్భిణులకు ముందు వేయమంది. ఆరు నెలల లోపు బిడ్డకు ఫ్లూ టీకా వేయరు, తల్లి వేయించుకుంటే ఆ రక్షణే మాయ గుండా బిడ్డకు అందుతుంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఊళ్లో గర్భిణులకు, పిల్లలకు సర్కారు టీకాలు వేసే మమతా దివస్‌కి వెళ్తే ఈ టీకా దొరకదు, బయట డబ్బు పెట్టి కొనుక్కోవాలి. కూలికి వెళ్లే ఆడమనిషికి ఇది చెప్పడానికి నాకు నోరు రాదు.

ఇక ఐదోది. 'తల్లికి జలుబు ఉంటే పది రోజులు పాలివ్వకూడదు, ఆవుపాలు పట్టాలి.' ఇది రాసినవాడు ఎదురుపడితే బాగుండు.

మా మేనకోడలికి కాన్పయిన తొమ్మిదో రోజున జలుబు చేసింది. ఎవరి ఫోన్‌లోంచో ఈ మెసేజ్ చదివి, తల్లిని ఒక గదిలో, బిడ్డను ఇంకో గదిలో పెట్టారు. సీసాలో నీళ్లు కలిపిన పాలు. రెండు రోజులకు బిడ్డకు విరేచనాలు, తల్లికి రొమ్ములు గడ్డకట్టి జ్వరం. జలుబుతో ఏమీ కాలేదండీ, సలహాతో అయింది. చివరికి ఆశా దిదీ వచ్చి, దగ్గర కూర్చుని మళ్లీ పాలు పట్టించింది.

ఫ్లూ పాలలోంచి రాదు, దగ్గు తుంపరలోంచి వస్తుంది. పైగా తల్లి తుమ్మడానికి ఒక రోజు ముందే బిడ్డకు సోకే అవకాశం ఉంది. ఆ వైరస్‌ను ఎదుర్కొనే సరుకు అప్పుడు తల్లి ఒంట్లో తయారై బిడ్డకు అందేది ఆ పాలలోంచే. సరిగ్గా అప్పుడే పాలు ఆపమంటాడు మహానుభావుడు! ఆవుకు మన బిడ్డ జలుబు గురించి ఏం తెలుసు? తల్లి మూతికి మాస్క్ కట్టుకుని, చేతులు కడుక్కుని పాలిస్తే చాలు. లేవలేకపోతే పాలు పిండి ఇవ్వండి, ఎవరైనా ఉగ్గుగిన్నెతో పడతారు. కనిపెట్టాల్సింది వేరే ఉంది. బిడ్డ పాలు తాగడం మానేసినా, డొక్కలు ఎగరేసినా, నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తున్నా, ఒళ్లు కాలినా ఆసుపత్రికి పరుగెత్తండి. నెలలోపు బిడ్డకు జ్వరం లేకుండా కూడా జబ్బు ముదురుతుంది.

ఆరోది పురిటి గదిలోకి బయటివాళ్లను రానివ్వొద్దని. కోపంగా చదువుతూ వచ్చి ఇక్కడ ఆగిపోయాను. పురిటి మైల అంటే ఇన్నేళ్లు వెక్కిరించినవాణ్ని నేను. కానీ దగ్గుతూ వచ్చి బుగ్గ మీద ముద్దు పెట్టే చుట్టాలను ఆ పదకొండు రోజులూ గుమ్మం బయట ఆపింది మైలే కదా. పేరు నచ్చకపోయినా పని బాగానే చేసింది.

పిన్నీ, మేనకోడలి బిడ్డకు ఇరవై ఒకటో రోజు బారసాల, తప్పకుండా రా. దగ్గు తగ్గకపోతే మాత్రం వీధి అరుగు మీదే కూర్చో, భోజనం అక్కడికే తెస్తాను.