యుద్ధానికి ఒక్కటి, లెక్కకు రెండు

2001 సెప్టెంబర్ 14. న్యూయార్క్‌లో జంట భవనాలు కూలి మూడు రోజులైంది. అమెరికా ప్రతినిధుల సభ ముందుకు ఒక తీర్మానం వచ్చింది. దాడికి బాధ్యులని అధ్యక్షుడు తేల్చిన దేశాలు, సంస్థలు, వ్యక్తుల మీద అవసరమైన బలమంతా ప్రయోగించవచ్చన్నది దాని సారాంశం. అందులో ఏ దేశం పేరూ లేదు, గడువూ లేదు. 420 మంది సరేనన్నారు, ఒకే ఒక్కరు కాదన్నారు. ఆ ఒక్కరు కాలిఫోర్నియా డెమోక్రాట్ సభ్యురాలు బార్బరా లీ. సెనేట్‌లో ఆ ఒక్క గొంతు కూడా లేదు. అక్కడ 98-0. చంపేస్తామంటూ బెదిరింపులు రావడంతో లీకి పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది.

అమెరికా రాజకీయం రెండుగా చీలిపోయింది కాబట్టే దాని విదేశాంగ విధానం దెబ్బతింటోందని ఈమధ్య తరచూ వింటున్నాం. ఈ మాట సగమే నిజమని మా అభిప్రాయం. పాతికేళ్ల చరిత్ర చూస్తే, యుద్ధంలోకి దిగేటప్పుడు ఆ రెండు పార్టీల మధ్య చీలిక ఎంత పలచనో తెలుస్తుంది. అది గోడలా లేచేది లెక్క చెప్పాల్సిన రోజున. రిపబ్లికన్లు డెమోక్రాట్ల వైపు, డెమోక్రాట్లు రిపబ్లికన్ల వైపు వేలు చూపిస్తారు. శవాలు మాత్రం వేరే దేశంలో ఉంటాయి.

ఇరాక్ సంగతే చూడండి. 2002 అక్టోబర్‌లో సెనేట్ 77-23 ఓట్లతో జార్జ్ బుష్ చేతికి యుద్ధాధికారం ఇచ్చింది. నాటి 50 మంది డెమోక్రాట్ సెనేటర్లలో 29 మంది అనుకూలంగా ఓటేశారు. జో బైడెన్, హిల్లరీ క్లింటన్, జాన్ కెర్రీ ఆ 29 మందిలో ఉన్నారు. సద్దాం దగ్గర ఉన్నాయన్న సామూహిక విధ్వంసక ఆయుధాలు దొరకలేదు. చనిపోయిన ఇరాకీల సంఖ్య లక్షల్లోకి చేరింది. ఆ తర్వాత ఆ ముగ్గురూ తమ పార్టీ తరఫున అధ్యక్ష అభ్యర్థులయ్యారు, ఒకరు అధ్యక్షుడే అయ్యారు. ఆ ఓటు ఎవరి రాజకీయ జీవితానికీ అడ్డుపడలేదు.

అసలు కథ అఫ్గానిస్థాన్‌ది. ఇరవై ఏళ్లలో నలుగురు అధ్యక్షులు ఆ యుద్ధాన్ని నడిపారు. బుష్, ట్రంప్ రిపబ్లికన్లు, ఒబామా, బైడెన్ డెమోక్రాట్లు. చెరి ఇద్దరు. బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకుల అంచనా ప్రకారం ఖర్చు 2.3 లక్షల కోట్ల డాలర్లు. అందులో దేశ పునర్నిర్మాణం పేరిట పెట్టింది దాదాపు 14,500 కోట్ల డాలర్లు. ఈ డబ్బు ఎటు పోతోందో చూడటానికి అమెరికాయే ఒక ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్‌ను నియమించుకుంది. ఆ కార్యాలయం ఏటా నివేదికలు రాసింది. జీతాల పట్టీలో ఉండి శిబిరంలో కనపడని సైనికుల గురించి రాసింది. కట్టిన కొన్నాళ్లకే పాడుబడిన భవనాల గురించీ రాసింది. 2021 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో, ఇది ఇరవై ఏళ్ల ప్రయత్నం అనిపించుకోదు, ఏడాదికొకటి చొప్పున చేసిన ఇరవై ప్రయత్నాలని తేల్చింది.

అఫ్గాన్ వాయుసేన కోసమని సుమారు 55 కోట్ల డాలర్లు పోసి ఇటలీ తయారీ సరుకు రవాణా విమానాలు 20 కొన్నారు. అవి అక్కడి వేడికి, దుమ్ముకు పనికిరాలేదు, విడిభాగాలు దొరకలేదు. కొన్నాళ్లు కాబూల్ విమానాశ్రయంలో ఒక పక్కన పడి ఉన్నాయి. చివరికి అందులో 16 విమానాలను ముక్కలు చేసి, పౌనుకు 6 సెంట్ల చొప్పున తుక్కుకింద అమ్మేశారు. చేతికొచ్చింది 40 వేల డాలర్లకు అటూ ఇటూ. విచారణ ఏళ్ల తరబడి సాగినా ఎవరి మీదా కేసు పెట్టలేదు. మన దగ్గర ఒక చిన్న పంచాయతీలో బోరు మోటారు కొనుగోలులో తేడా వచ్చినా ఊరు ఊరంతా నిలదీస్తుంది. అమెరికా కాంగ్రెస్‌లో ఈ విమానాల కోసం ప్రభుత్వాన్ని స్తంభింపజేసిన పార్టీ ఒక్కటీ లేదు. ఎందుకంటే కొనుగోలు మొదలైంది బుష్ హయాంలో, తుక్కు చేసింది ఒబామా హయాంలో, కేసు అక్కర్లేదని వదిలేసింది ట్రంప్ హయాంలో. తిలా పాపం తలా పిడికెడు.

వైదొలగిన తీరులోనూ ఇదే భాగస్వామ్యం కనపడుతుంది. 2020 ఫిబ్రవరి 29న దోహాలో ట్రంప్ ప్రభుత్వం తాలిబన్లతో ఒప్పందం చేసుకుంది. కాబూల్‌లో ఉన్న, అమెరికాయే నిలబెట్టిన ప్రభుత్వానికి ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు. ఆ ప్రభుత్వంతోనే 5,000 మంది తాలిబన్ ఖైదీలను విడుదల చేయించారు. బైడెన్ పగ్గాలు చేపట్టేసరికి 2,500 మంది అమెరికా సైనికులే మిగిలారు. ఆయన గడువును నాలుగు నెలలు పొడిగించారు కానీ, దారి మార్చలేదు. తాలిబన్లు దేశమంతా ఆక్రమించే అవకాశం చాలా తక్కువని 2021 జులై 8న చెప్పారు. ఆగస్టు 15న, మనం ఇక్కడ జెండా ఎగరేసుకున్న రోజునే, తాలిబన్లు కాబూల్‌లో అధ్యక్ష భవనంలో కూర్చున్నారు. మర్నాడు బైడెన్ జాతినుద్దేశించి మాట్లాడుతూ, అఫ్గాన్లు తమకోసం తాము చేయడానికి సిద్ధపడని యుద్ధంలో అమెరికన్లు చావకూడదన్నారు. ఆ యుద్ధంలో చనిపోయిన అఫ్గాన్ సైనికులు, పోలీసులు 66 వేల మందికి పైమాటే. అమెరికా సైనికులు 2,400 మందికి పైగా. ఈ అంకెలు తెలిసి ఆ మాట అన్న మనిషిని మేం క్షమించలేం.

ఆ తర్వాత జరిగింది మరీ ఘోరం. 2023 ఏప్రిల్‌లో శ్వేతసౌధం 12 పేజీల పత్రం విడుదల చేసింది. వెనకటి ప్రభుత్వం సృష్టించిన పరిస్థితులవల్లే చేతులు కట్టేసినట్టయిందని అందులో ఉంది. 2024 సెప్టెంబర్‌లో ప్రతినిధుల సభ విదేశాంగ కమిటీలోని రిపబ్లికన్లు మూడు వందల పేజీలకు మించిన నివేదిక ఇచ్చారు. తప్పంతా బైడెన్, హారిస్‌లదని వాదించారు. అధ్యక్ష ఎన్నికలకు అప్పటికి రెండు నెలలు కూడా లేవు. అంతకు రెండు వారాల ముందే, కాబూల్ విమానాశ్రయం దగ్గర చనిపోయిన సైనికులకు నివాళి అంటూ ట్రంప్ ఆర్లింగ్టన్ సైనిక శ్మశానానికి వెళ్లడం, ఆయన ప్రచార బృందం సమాధుల మధ్య వీడియో తీయడం, అడ్డుకోబోయిన శ్మశాన ఉద్యోగిని పక్కకు నెట్టారని సైన్యం ప్రకటన ఇవ్వడం జరిగాయి. అదే ట్రంప్ 2021 జూన్‌లో ఒహాయో సభలో, సైన్యాన్ని వెనక్కి రప్పించే పని మొదలుపెట్టింది తానేనని, దాన్ని ఆపడం బైడెన్ వల్ల కాలేదని గొప్పగా చెప్పుకున్నారు. కాబూల్ పడిపోయాక ఆ గొప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది.

రెండు పార్టీలూ ఒకరి మీద ఒకరు ఇంత రాసుకుంటూ, ఒక ఇంటి గురించి మాత్రం పెద్దగా రాయలేదు. 2021 ఆగస్టు 29న కాబూల్‌లో తెల్ల టొయోటా కరోలా ఒకటి ఊరంతా తిరిగింది. విమానాశ్రయం గేటు దగ్గర 13 మంది అమెరికా సైనికులను, సుమారు 170 మంది అఫ్గాన్లను బాంబు బలి తీసుకుని అప్పటికి మూడు రోజులే. మరో దాడి జరగవచ్చన్న టెన్షన్‌లో ఉన్న అమెరికా సైన్యం డ్రోన్‌తో ఆ కారును ఎనిమిది గంటలు వెంటాడింది. కారు నడుపుతున్నది ఒక అమెరికా సహాయ సంస్థలో పనిచేసే ఉద్యోగి. డిక్కీలో ఎక్కించినవి పేలుడు పదార్థాలని తెరముందు కూర్చున్నవాళ్లు అనుకున్నారు. అవి నీళ్ల డబ్బాలు. ఆఫీసులో నింపుకుని ఇంటికి తీసుకెళ్తున్నాడు. కారు ఇంటి ఆవరణలోకి రాగానే పిల్లలు ఎదురొచ్చారు. క్షిపణి పడింది. పదిమంది చనిపోయారు, అందులో ఏడుగురు పిల్లలు.

అమెరికా సైన్యాధిపతి దాన్ని న్యాయమైన దాడి అన్నారు. పాత్రికేయులు ఆ ఇంటికి వెళ్లి నీళ్ల డబ్బాల సంగతి బయటపెట్టాక, సెప్టెంబర్ 17న పెంటగాన్ పొరపాటని ఒప్పుకుంది. డిసెంబర్‌లో ఎవరి మీదా చర్య ఉండదని ప్రకటించింది. విమానాశ్రయం గేటు దగ్గర చనిపోయిన పదముగ్గురు సైనికుల పేర్లు ఎన్నికల సభల్లో మార్మోగాయి, మారుమోగాల్సిందే. ఈ ఏడుగురు పిల్లల పేర్లు ఏ పార్టీ వేదిక మీదా వినపడలేదు. వాళ్లకు ఓటున్న బంధువులు లేరు.

బతికున్నవాళ్ల సంగతీ అంతే. అమెరికా సైన్యానికి దుబాసీలుగా, డ్రైవర్లుగా పనిచేసినవారికి ప్రత్యేక వలస వీసా ఇస్తామని ఏనాడో మాటిచ్చారు. దరఖాస్తును తొమ్మిది నెలల్లో తేల్చాలని చట్టంలోనే రాశారు. ఏళ్లు పట్టింది. కాబూల్ నుంచి విమానాల్లో తీసుకొచ్చినవారికి స్థిర నివాసం కల్పించే బిల్లును 2022 ఆగస్టులో రెండు పార్టీల సభ్యులూ కలిసి పెట్టారు. అది చట్టం కాలేదు. 2025 జనవరిలో ట్రంప్ శరణార్థుల రాకను నిలిపేయడంతో, తనిఖీలన్నీ పూర్తయి టికెట్లు చేతిలో ఉన్నవాళ్ల ప్రయాణాలూ రద్దయ్యాయి. పాకిస్థాన్‌లో గదులు అద్దెకు తీసుకుని పిలుపు కోసం కాచుకున్న కుటుంబాలు అక్కడే చిక్కుపడ్డాయి. అదే ఏడాది అమెరికాలో ఉన్న అఫ్గాన్ల తాత్కాలిక రక్షణ హోదా కూడా తీసేశారు. వెళ్లిపొమ్మంటున్నది ఎక్కడికి? వీళ్లు ఎవరికి సాయం చేశారన్నది తెలిసిన తాలిబన్ల దగ్గరికి.

బైడెన్ దయ చూపారనుకోవడానికీ లేదు. అఫ్గాన్ కేంద్ర బ్యాంకు అమెరికాలో దాచుకున్న దాదాపు 700 కోట్ల డాలర్లను ఆయన ప్రభుత్వమే స్తంభింపజేసింది. 2022 ఫిబ్రవరిలో సంతకం పెట్టి ఆ సొమ్మును రెండు వాటాలు చేసింది. సగం అఫ్గాన్ ప్రజల కోసమని పక్కన పెట్టి, మిగతా సగాన్ని సెప్టెంబర్ 11 బాధిత కుటుంబాల దావాల కోసం ఆపింది. ఆ దాడి చేసిన పందొమ్మిది మందిలో అఫ్గాన్ ఒక్కడూ లేడు. ఆ చలికాలం అక్కడ తిండికి లేక ఇళ్లలో సామాన్లు అమ్ముకుంటున్నారు.

యుద్ధం విషయంలో ఇంత సఖ్యంగా ఉన్నవాళ్లు శాంతి ఒప్పందం దగ్గరికి వచ్చేసరికి ఎలా ప్రవర్తించారో ఇరాన్ చెబుతుంది. 2015 జులైలో ఒబామా ప్రభుత్వం, మరో అయిదు పెద్ద దేశాలు ఇరాన్‌తో అణు ఒప్పందం కుదుర్చుకున్నాయి. చర్చలు ఇంకా సాగుతుండగానే, ఆ మార్చిలో 47 మంది రిపబ్లికన్ సెనేటర్లు నేరుగా ఇరాన్ నాయకులకు బహిరంగ లేఖ రాశారు. తర్వాత వచ్చే అధ్యక్షుడు ఒక్క కలం పోటుతో దీన్ని రద్దు చేయగలడని హెచ్చరించారు. తమ దేశాధ్యక్షుడి మాట నమ్మొద్దని పరాయి దేశానికి చెప్పడమే ఇది. ఒప్పందాన్ని సమర్థించిన రిపబ్లికన్ సెనేటర్ ఒక్కరూ లేరు. ఇరాన్ షరతులు పాటిస్తోందని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పదే పదే ధ్రువీకరించినా, 2018 మే 8న ట్రంప్ బయటికి వచ్చేశారు. తిరిగి చేరతామన్న బైడెన్ నాలుగేళ్లూ బేరాలతోనే గడిపారు. ఒప్పందం ప్రకారం 3.67 శాతం దాటకూడని యురేనియం శుద్ధిని ఇరాన్ 60 శాతానికి తీసుకెళ్లింది. 2025 జూన్‌లో అమెరికా విమానాలు ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్‌లలోని ఇరాన్ అణు కేంద్రాల మీద బాంబులు వేశాయి. సంతకంతో ఆగిన పని బాంబుల దాకా వచ్చింది. ఈ గొడవకు మనమూ మూల్యం చెల్లించాం. ఇరాన్ అప్పట్లో మనకు ప్రధాన చమురు సరఫరాదారుల్లో ఒకటి. ఇరాన్ మీద ఆంక్షల నుంచి మనకిచ్చిన మినహాయింపులను వాషింగ్టన్ ఆపేయడంతో 2019 మే నుంచి ఆ చమురు కొనడం మానేశాం.

ప్రజాస్వామ్యంలో పార్టీలు తగవులాడుకోవడం సహజం కదా అనవచ్చు. తగవు ఉండాలనే మేమూ అంటున్నాం. 2001లో 420 మందికి ఎదురుగా వంద మంది నిలబడి, ఎవరి మీద యుద్ధం, ఎన్నాళ్లు అని అడిగి ఉంటే ఆ తీర్మానానికి కనీసం గడువైనా పడేది. ఆ అధికారాన్నే చూపించి తర్వాతి అధ్యక్షులు అఫ్గానిస్థాన్ ఎల్లలు దాటి యెమెన్‌లో, సోమాలియాలో దాడులు చేశారు. ఆనాటికి పుట్టని సంస్థల మీద కూడా అదే కాగితం పనిచేసింది. అడగాల్సిన రోజున నోరు మెదపని సభ, ఇరవై ఏళ్లకు ఎన్నికల ప్రకటనల్లో గొంతు చించుకుంది.

అమెరికా పార్టీలను మనవాళ్లు చుట్టరికంతో చూస్తున్నారు. 2024లో, ట్రంప్ పక్కన ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన జె.డి. వాన్స్ భార్య ఉషా వాన్స్ మూలాలున్న పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు ఊరంతా ట్రంప్, వాన్స్ గెలవాలని పూజలు చేసింది. తమిళనాడులోని తులసేంద్రపురం కమలా హారిస్ కోసం మొక్కుకుంది. ఆ అభిమానాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అయితే అమెరికాలో ఓటున్న తెలుగువారు ఏ పార్టీ భారత్‌కు మేలు, ఎవరొస్తే వీసాలు సులువు అన్న చర్చ దగ్గరే ఆగిపోతున్నారు. మీ నియోజకవర్గ సభ్యుడు 2001 నాటి యుద్ధాధికారం రద్దుకు ఓటేస్తాడా, అఫ్గాన్ దుబాసీలకిచ్చిన మాట నిలబెడతాడా అని కూడా అడగండి. వలస వెళ్లి పౌరసత్వం పొందినవాళ్లకు, అదే దారిలో ఆగిపోయినవాళ్ల తరఫున అడిగే హక్కు ఉంది.

మన ప్రభుత్వానిదీ ఇందులో పాత్ర ఉంది. హెరాత్‌లో సల్మా డ్యామ్, కాబూల్‌లో పార్లమెంటు భవనం కట్టిచ్చిన దేశం మనది. 2021 ఆగస్టు 25న, అప్పటికి భారత్‌లో లేని అఫ్గాన్లకిచ్చిన వీసాలన్నీ చెల్లవని ప్రకటించింది కూడా ఈ దేశమే. వాటిలో మన విశ్వవిద్యాలయాల్లో సీటు వచ్చిన విద్యార్థులవీ ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉస్మానియా, ఇఫ్లూ క్యాంపస్‌లలో ఏళ్లుగా అఫ్గాన్ విద్యార్థులు చదువుకుంటున్నారు. 2022 డిసెంబర్ నుంచి అఫ్గానిస్థాన్‌లో ఏ ఆడపిల్లకూ యూనివర్సిటీ తలుపు తెరిచి లేదు. 2025 అక్టోబర్‌లో తాలిబన్ విదేశాంగ మంత్రిని ఢిల్లీకి పిలిచి, కాబూల్‌లో దౌత్య కార్యాలయాన్ని పూర్తి స్థాయికి పెంచిన కేంద్రం, ఆ అమ్మాయిలకు చదువు వీసాలు, స్కాలర్‌షిప్‌లు పెంచడానికి కూడా అంతే చొరవ చూపాలి. ఉస్మానియాలో వాళ్లకు చోటిస్తామని తెలంగాణ ప్రభుత్వం ముందుగా కేంద్రానికి లేఖ రాయాలి.