మా ఆయన శుభ్రత

పింగాణీ బొమ్మల పిచ్చి ఉన్నవాళ్ళని కనిపెట్టడం చాలా తేలిక. ఒక బొమ్మ చేతికిచ్చి చూడండి. మామూలు మనిషైతే దాని మొహం చూసి "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో" అంటాడు. మావాళ్ళు మొహం వంకైనా చూడరు. చటుక్కున తిరగేసి అడుగు చూస్తారు. ఏ కంపెనీ గుర్తుంది, నంబరెంత, సంతకం ఉందా లేదా, ఇవీ మా బాధలు. పాపం ఆ బొమ్మ కళ్ళూ ముక్కూ తీర్చిదిద్దడానికి ఎవరో ఎంత అవస్థ పడ్డారో, అది మాకు రెండో సంగతి.

గిఫ్టులూ కలెక్టబుల్స్ కన్వెన్షన్ అంటే అలాంటి వాళ్ళందర్నీ తెచ్చి ఒకే హాల్లో వదలడం. గుమ్మంలో నిలబడి చూస్తే ఎవరి చేతిలో చూసినా బొమ్మ తలకిందులుగానే ఉంటుంది.

"వీళ్ళందరూ ధర చీటీ వెతుక్కుంటున్నారా?" అన్నారు మా ఆయన.

నిజానికి ఆయన్ని నేను రమ్మనలేదు. బరువులు మోయడానికి ఒక మనిషి ఉంటే బాగుండునని మాత్రం అన్నాను. ఆయన బొమ్మలకి వ్యతిరేకి కాదు. దుమ్ముకి వ్యతిరేకి. మా ఇంట్లో బొమ్మలున్నన్ని చోట్లా దుమ్మే ఆయనకి కనిపిస్తుంది. జేబులో పర్సు మర్చిపోయిన రోజులున్నాయి గానీ శానిటైజర్ సీసా మర్చిపోయిన రోజు లేదు. ఎక్కడైనా కూర్చోబోయే ముందు కుర్చీకి ఒక చుక్క, కూర్చున్నాక చేతులకి ఒక చుక్క. ఈ సీసా సంగతి కాస్త గుర్తుంచుకోండి.

హాల్లో మొదటి స్టాల్ దగ్గరే చిక్కు వచ్చింది. అక్కడున్నవి హుమ్మెల్ బొమ్మలు. ఒక సన్యాసిని గీసిన పిల్లల బొమ్మల్ని చూసి జర్మనీలో గోబెల్ కంపెనీ 1935లో పింగాణీలో చేయడం మొదలుపెట్టింది. మొదట్లో అడుగున కిరీటం గుర్తుండేది. 1950ల్లో తేనెటీగ వచ్చింది. మొదట నిండుగా, లావుగా ఉన్న ఆ ఈగ రాను రాను చిక్కిపోయి, 'వి' అక్షరంలో ఒక చుక్కలా మిగిలింది. ఈగ ఒళ్ళు చూసి బొమ్మ వయసు చెప్పేస్తారు తెలిసినవాళ్ళు. స్టాల్ అతను భూతద్దం ఇచ్చి మరీ చూపిస్తుంటే మా ఆయన చాలా శ్రద్ధగా విని, "ఇప్పుడు మనం బొమ్మ కొంటున్నామా, ఈగని కొంటున్నామా?" అనడిగారు.

పక్కన గోడకి వేలాడదీసే పళ్ళేలు. అందులో ఏం తిన్నా మహాపాపం. డెన్మార్క్‌లో బింగ్ అండ్ గ్రోన్‌డాల్ వాళ్ళు 1895లో మొదటి క్రిస్మస్ పళ్ళెం చేశారు. ఏడాదికొక బొమ్మ, ఆ ఏడు అయిపోగానే అచ్చు పగలగొట్టేయడం.

"బాగున్న అచ్చునా?" అన్నారు మా ఆయన, బాధగా.

"మళ్ళీ ఎవరూ చేయకుండా అండీ. అందుకే దానికంత విలువ."

ఆ తర్వాత ఇంకో పళ్ళెం మీద పడ్డారు. దాని వెనక 'కాల్పు 150 రోజులకే పరిమితం' అని రాసుంది. ఇలాంటి పళ్ళేల లిమిటెడ్ ఎడిషన్లలో ఇదో పద్ధతి, పరిమితి పళ్ళేలకి కాదు, బట్టీ మండే రోజులకి.

"మరి ఆ 150 రోజుల్లో ఎన్ని కాల్చారండీ?" అన్నారు ఈయన.

అమ్మేవాయనకి అంతలోనే వేరే కస్టమర్ కనిపించాడు. ఇన్నేళ్ళుగా నా గోడ మీద ఉన్న పళ్ళేలకి ఆ ప్రశ్న నాకెందుకు తట్టలేదో తెలీదు. ఈయన్ని అక్కణ్ణించి లాక్కొచ్చేశాను.

మంచు గోళాల దగ్గర కొంచెం తగ్గారు. 1900లో వియన్నాలో సర్జరీ పరికరాలు చేసే ఎర్విన్ పెర్జీ అనే ఆయన, డాక్టర్ల కోసం దీపం వెలుగు పెంచాలని నీళ్ళు నింపిన గాజు గోళంతో కుస్తీ పడుతుంటే ఈ మంచు కురిసే గోళం తయారైందని చెప్పాను. గోళాన్ని ఊపి, మంచు పడుతుంటే చూస్తూ, "ఆ డాక్టర్ల దీపం సంగతేమైంది పాపం?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

బీనీ బేబీల దగ్గరైతే చీటీకి ప్లాస్టిక్ తొడుగు చూసి నిలబడిపోయారు. ఆ పాత గుడ్డ బొమ్మలకి చెవి దగ్గర కట్టే చీటీ నలిగిందంటే సగం ప్రాణం పోయినట్టే, అందుకే తొడుగు. ఇదేం చూశారని, 1999లో లాస్ వేగాస్‌లో విడాకులైన ఒక జంట సంగతి చెప్పాను. జడ్జిగారి ఆదేశం మీద ఇద్దరూ కోర్టు గదిలో నేల మీద చతికిలబడి, బీనీ బేబీల గుట్టలోంచి తలా ఒకటి చొప్పున ఏరుకున్నారు.

"మనకా ఇబ్బంది లేదులే" అన్నారు మా ఆయన. "అన్నీ నువ్వే తీసేసుకో."

ఇక ఖాళీ పెట్టెల స్టాల్. అవును, ఖాళీవే. బొమ్మతో పాటు దాని పెట్టె కూడా ఉంటే విలువ పెరుగుతుంది కాబట్టి, పెట్టె పారేసుకున్నవాళ్ళ కోసం పెట్టెలు మాత్రమే అమ్ముతారు. మా ఆయన ఒక పెట్టె తీసుకుని, మూత తెరిచి, లోపలికి చూసి, మళ్ళీ మూసి, జాగ్రత్తగా ఉన్నచోటే పెట్టారు. ఏమీ అనలేదు. మాట పడిపోయిందేమో అని భయమేసింది. "నువ్వు నీ పని చూసుకురా, నేను సంచులకి కాపలా ఉంటా" అని గోడవార కుర్చీ వెతుక్కుని, దానికో చుక్క వేసి తుడిచి, కూర్చున్నారు.

నా పని సంతకం. భుజం మీద పిల్లి పిల్లతో పుస్తకం చదువుకునే పాప బొమ్మ నా దగ్గరుంది. దాన్ని చేసిన కళాకారిణి స్వయంగా వచ్చి సంతకాలు పెడుతోంది. మనిషికి ఒకటే సంతకం. క్యూ హాలు దాటి వరండాలోకి పోయింది.

ఆ క్యూలో గడిపిన రెండు గంటలూ నాకు రెండు నిమిషాలు. ముందున్న పెద్దావిడ తన బొమ్మని మెత్తటి తువ్వాల్లో చుట్టి చంటిబిడ్డలా ఎత్తుకుంది. ఆవిడ సంచిలో లేనిది లేదు. నల్ల మార్కరు, బంగారు రంగు మార్కరు, వెండి రంగు మార్కరు, భూతద్దం, ఇంకా ఒక అల్ట్రావయొలెట్ టార్చి. విరిగి అతికించిన బొమ్మ మీద ఆ కాంతి వేస్తే జిగురూ, కొత్తగా పూసిన రంగూ వేరేగా మెరిసి దొరికిపోతాయి. దానికి చీకటి కావాలి కదా. ఆవిడ ఎవరి బొమ్మనైనా పరీక్షించాలంటే బొమ్మతో, టార్చితో సహా తల సంచిలో దూర్చేస్తుంది. లోపల్నించి "అతుకు లేదు, అతుకు లేదు... చెవి దగ్గర కొంచెం అనుమానం" అని తీర్పులు వినిపిస్తుంటాయి. క్యూలో అందరం గౌరవంగా ఎదురుచూస్తాం.

నా వంతు వచ్చింది. ఆ కళాకారిణి నా బొమ్మని తిరగేసి, అడుగున నంబరు పక్కన నా పేరు రాసి, కింద సంతకం చేసి, ఆ పక్కన ఖాళీలో రెండు గీతల్లో ఒక పిల్లి పిల్లని వేసింది. తోక కాస్త పొడుగైపోయి అంచు మీదకి పాకింది. ఆరేదాకా తనే ఊదింది. ఏం మాట్లాడానో నాకు తెలీదు. "మీరు చాలా... బొమ్మలు..." అన్నానని వెనకాల వాళ్ళు తర్వాత చెప్పారు.

బొమ్మ తెచ్చి మా ఆయన చేతిలో పెట్టి, "జాగ్రత్తండీ, ఇప్పుడే వస్తా" అని, దాని పెట్టె తెచ్చుకోవడానికి సామాను గది దాకా వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఇంత డబ్బు పోసి కొంటావు, కొంచెం చూసుకోవా?" అన్నారు. "అడుగున ఎవరో మార్కరుతో పిచ్చిగీతలు గీసేశారు. నీళ్ళతో రుద్దితే పోలేదు. మన సీసా రెండు చుక్కలు వేశా, అద్దంలా వచ్చింది చూడు."

చూశాను. అద్దంలాగే ఉంది.

పర్మనెంట్ మార్కర్ అన్నది పేరుకే. నీళ్ళని లెక్కచేయదు గానీ ఆల్కహాల్ చూస్తే కరిగి కూర్చుంటుంది. శానిటైజర్‌లో సగానికి పైగా ఉండేది అదే. పైగా పింగాణీకి గ్లేజు, అంటే గాజులాంటి నున్నటి పూత, ఉన్నచోట సిరా లోపలికి ఇంకదు, పైపైనే ఉంటుంది, తుడిస్తే వచ్చేస్తుంది. బొమ్మ అడుగున గ్లేజు లేనిది ఒక్క అంచుకే, బట్టీలో నేలకి అతుక్కోకుండా అక్కడ వదిలేస్తారు. ఆ గరుకు అంచు మీద మాత్రం సన్నటి నల్ల గీత ఒకటి మిగిలింది. పిల్లి పిల్ల తోక.

"అది కూడా పోయేదే, నువ్వు తొందరగా వచ్చేశావు" అన్నారు.

"ఏమండీ, అది సంతకం."

"ఎవరిది?"

"రెండు గంటలు నేను నిలబడింది దేనికనుకున్నారు?"

"బిల్లు కట్టడానికేమోననుకున్నా."

నేను అరిచానట. ఆ అరుపుకి పెద్దావిడ తువ్వాలతో సహా పరిగెత్తుకొచ్చింది. సంగతి విని మా ఆయన తుడిచి పెట్టుకున్న కుర్చీలోనే కూలబడింది. కబురు హాలంతా పాకింది. ఒక్కొక్కరే వచ్చి, బొమ్మని నా చేతిలోంచి తీసుకుని, అడుగు చూసి, నిట్టూర్చి, పక్కవాళ్ళకి ఇస్తున్నారు. మా ఆయన వంక చూసి గొంతు తగ్గించేస్తున్నారు. ఎవరో అన్నారు, సిరా జాడ ఏమన్నా మిగిలిందేమో టార్చి వేసి చూడమని. పెద్దావిడ బొమ్మతో సహా తల సంచిలో పెట్టింది. చాలాసేపు ఏ తీర్పూ రాలేదు. చివరికి తల బయటికి తీసి, "ఏమీ లేదమ్మాయ్. చాలా శుభ్రంగా తుడిచారు" అంది.

"థాంక్సండీ" అన్నారు మా ఆయన.

మళ్ళీ సంతకాల బల్ల దగ్గరికి వెళ్తే వాలంటీరు కుర్రాడు జాబితా చూసి నా పేరు పక్కన టిక్కు చూపించాడు. మనిషికి ఒకటే, అయిపోయింది. సంతకం ఉంటే కదా అయిపోవడం, అని నేను. పెట్టారు కాబట్టే టిక్కు పెట్టామని అతను. ఈ తర్కం ఇంకాస్త సాగేదే గానీ, ఆ కళాకారిణే మొహమెత్తి, ఏమైందంది. బొమ్మ తిప్పి తోక చూపించాను. మా ఆయన ముందుకొచ్చి, ఏ ద్రావకంతో, ఎన్ని చుక్కలతో, ఎటు నుంచి ఎటు రుద్దారో వివరంగా చెప్పారు. ఆవిడ బల్ల మీద మార్కరు మరక ఒకటుంటే దాని మీద చేసి కూడా చూపించారు. పొద్దున్నించీ ఆ మరకతో బాధపడుతున్నానని ఆవిడ సంబరపడిపోయింది.

తర్వాత బొమ్మ అందుకుని, నవ్వు ఆపుకోలేక చెయ్యి వణుకుతుంటే కాసేపు ఆగి, మళ్ళీ నా పేరు రాసింది, సంతకం చేసింది. పిల్లిని మాత్రం తోక లేకుండా వేసి, తీసుకొచ్చి పాత తోకకి అతికించింది. కింద 'రెండోసారి' అని రాసింది.

పెద్దావిడ ఆ అడుగు వంక చూసిన చూపు మారిపోయింది. "అమ్మాయ్, ఇలాంటిది ఇంకోటి ఉండదు తెలుసా" అంది. 1918లో అమెరికాలో విమానం తలకిందులుగా అచ్చుపడిన తపాలా బిళ్ళలు ఒక్క షీటు, వంద మాత్రమే బయటికొచ్చాయనీ, సరిగ్గా అచ్చైన వాటిని అడిగే దిక్కు లేదు గానీ ఆ వంద కోసం ఇప్పటికీ జనం కొట్టుకుంటున్నారనీ చెప్పి, తన బొమ్మ, దాని పెట్టె, పైన అల్ట్రావయొలెట్ టార్చి కూడా ఇస్తాను, మార్చుకుంటావా అంది. నేను బొమ్మని గుండెలకి హత్తుకున్నాను.

ఇంతలో ఒక కుర్రాడు మా ఆయన మోచెయ్యి తాకి, అటూ ఇటూ చూసి, "అంకుల్, ఆ సీసా ఒక్కసారి ఇస్తారా?" అన్నాడు. అతని వెనక ఇంకో ఇద్దరు. వాళ్ళ వెనక ఇంకొందరు. పొద్దున్నించీ ఎవరికీ పనికిరాని మనిషి చుట్టూ క్యూ కట్టేశారు. ఆయన కూడా ఊరుకోలేదు. "తోసుకోకండి, ఒక్కొక్కరే. అంచు మీద రుద్దకండి, తోక పోతుంది" అని జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టారు.

అయిదు నిమిషాల్లో సంతకాల బల్ల మీద ఒక కాగితం వెలిసింది. 'తుడిచి తెచ్చిన బొమ్మల మీద మళ్ళీ సంతకం పెట్టబడదు.' కింద ఆ కళాకారిణి సంతకం. క్యూ గొణుక్కుంటూ చెదిరిపోయింది. హాలు మూసేవేళకి ఆ కాగితాన్ని చించి చెత్తబుట్టలో పడేయబోతుంటే మా ఆయనే వెళ్ళి అడిగి తెచ్చుకున్నారు. నలగకుండా రెండు చేతులతో పట్టుకుని నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అన్నారు.

"ఏమోయ్, ఇది ఒక్కటే కాపీ. దీనికి సరిపడే పెట్టె ఆ స్టాల్‌లో దొరుకుతుందేమో కనుక్కో."