కుర్రాళ్లకు మొహానికి అడ్డంపెట్టే షీల్డు ఇవ్వకుండా వెల్డింగ్ నేర్పడం ఏంటి?

కావలి చుట్టుపక్కల రొయ్యల గుంటల మోటార్లకు స్టార్టర్లు, బోర్డులు రిపేరు చేస్తుంటాను. ఉప్పునీళ్లకు ఏరియేటర్ (గుంట నీళ్లను చిలికి గాలి ఆడించే మిషను) ఫ్రేములు ఊరికే తుప్పు పట్టి విరుగుతుంటాయి, అందుకే వెల్డింగ్ కూడా నేర్చుకుంటున్నా. "సోల్డరింగ్ వచ్చినోడికి ఇదెంత" అనేవాళ్లున్నారు, "దానికీ దీనికీ సంబంధమే లేదు" అనేవాళ్లున్నారు. రెండూ ఒప్పుకోను.

పని వేరన్నది నిజమే. సోల్డరింగులో రాగి కరగదు, 183 డిగ్రీలకే కరిగే లెడ్డు (తగరం, సీసం కలిపిన తీగ) మధ్యలోకి పారి పట్టుకుంటుంది. వెల్డింగులో ఇనుమే కరగాలి, అంటే దగ్గర దగ్గర 1,500 డిగ్రీలు. కానీ సోల్డరింగ్ చేసినవాడు తుప్పూ నూనే గీకందే పని మొదలుపెట్టడు. కరిగిన లోహం ఎటు పారుతోందో రెప్ప వేయకుండా చూస్తాడు. వెల్డింగులోనూ అసలు విద్య ఆ చూపే. 2.5 ఎంఎం రాడ్డు 70, 80 ఆంపియర్ల మీద నడిపిస్తుంటే వెలుగు కింద చిన్న మడుగు కడుతుంది. దాని అంచు రెండు ముక్కల్లోకీ పాకిందా లేదా, పైన తేలే స్లాగ్ (రాడ్డు పూత కరిగిన మడ్డి) ఏది, కింద కరిగిన ఇనుము ఏది, ఇది కంటికి తెలిసేదాకా చేతికి పని రాదు.

మరి చాలా షాపుల్లో నేర్పేదేంటి? "చుక్క పెట్టేటప్పుడు మొహం పక్కకు తిప్పుకోరా అబ్బయ్యా!" ఉన్న ఒక్క షీల్డూ మేస్త్రి దగ్గరే. మొహం తిప్పుకున్న పిల్లోడికి మడుగు ఎట్లా కనపడుద్ది? పని రాదు, పైగా కళ్లు పోతాయి. రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట. ఇంట్లో ఉర్లగడ్డ ముక్కలు పెట్టి పడుకోబెడతారు, పొద్దున్నే మళ్లీ పని. "అలవాటైపోద్దిలే" అంటారు. కాదండీ, రాడ్డు కొసన వెలిగే ఆర్క్‌లోంచి వచ్చే అల్ట్రావయొలెట్ కంటి పైపొరను కాలుస్తుంది, దానికి అలవాటుపడటం అంటూ ఉండదు. చలవ కళ్లద్దాలు సరిపోవు. ఈ రాడ్డుకు 10 నంబరు నల్లగ్లాసన్నా ఉండాలి.

సోల్డరింగ్ నుంచి వచ్చేవాళ్లు మరీ జాగ్రత్త. బోర్డు మీదికి వంగి వట్టి కళ్లతో చూడటం మనకు అలవాటు. జీఐ పైపయితే, అంటే జింకు పూతున్న ఇనుప పైపయితే, పొగ కూడా ప్రమాదమే. జింకు పూత గీకేసి, గాలి ఆడేచోటే అతకండి. లేకపోతే రాత్రికి చలిజ్వరం వస్తుంది.

గేట్లకూ గ్రిల్లులకూ అడ్వాన్సులు తీసుకునే షాపులో రెండో షీల్డుకు డబ్బుల్లేవంటే నేను నమ్మను. పిల్లల్ని పనిలో పెట్టే అమ్మానాన్నలూ, జీతం సంగతి తర్వాత, మావాడికి షీల్డు ఇస్తారా లేదా అని ముందే అడగండి.