వైరస్ కావాలి, ఖర్చు వద్దా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి తప్పుకోవడం అమెరికా ఇష్టం కావచ్చు. ఆ ఇష్టానికి మూల్యం కట్టేది మాత్రం పేద దేశాల ల్యాబులు. 2025 జనవరి 20న ట్రంప్ సంతకం, ఆ వెనకే పేద దేశాలకు అమెరికా సాయం అందించే సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను మూసేయడం అందరికీ తెలిసిన సంగతులే. వాటివల్ల ఫ్లూ నిఘాకు తగిలిన దెబ్బ గురించే ఎక్కడా చర్చ లేదు.

నిఘా అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఆస్పత్రి ఓపీకి 38 డిగ్రీల జ్వరం, దగ్గుతో వచ్చినవారిలో జబ్బు మొదలై పది రోజులు దాటని కొందరిని ఎంచుకుని ముక్కు, గొంతుల నుంచి స్వాబ్ తీయాలి. ట్యూబు మీద పేరు, తేదీ రాసి, ఐస్ బాక్సులో సర్ది, మూడు రోజుల్లోపు ల్యాబుకు చేర్చాలి. ఆలస్యమయ్యేట్టుంటే మైనస్ 70 డిగ్రీల ఫ్రీజర్ కావాలి. కరెంటు పోతే జనరేటర్‌లో డీజిల్ ఉండాలి. పరీక్షకు వాడే రసాయనాలు (రీఏజెంట్లు) అయిపోకముందే కొత్తవి రావాలి. బాక్సు మోసుకెళ్లే మనిషికి నెలనెలా జీతం అందాలి. నిఘా కుంటుపడేది ఇలాంటి చిల్లర ఖర్చుల దగ్గరే.

ఆ ఖర్చు పెడితే ఏమవుతుందో కంబోడియా చూపించింది. 2023 ఫిబ్రవరిలో ప్రే వెంగ్ రాష్ట్రంలో పదకొండేళ్ల బాలిక బర్డ్‌ఫ్లూతో చనిపోయింది. అక్కడి శాస్త్రవేత్తలు రోజు తిరిగేలోపే వైరస్ జన్యుక్రమాన్ని తేల్చి ప్రపంచం ముందు పెట్టారు. అది బయటి దేశాల్లో కార్చిచ్చులా వ్యాపిస్తున్న రకం కాదనీ, ఆ ప్రాంతంలో ఏళ్లుగా తిరుగుతున్నదేననీ అప్పుడే తెలిసింది. ఆ సమాచారంతో ముందుగా ఊపిరి పీల్చుకున్నది సంపన్న దేశాలే.

ద్వంద్వనీతి ఇక్కడే ఉంది. వైరస్ కావాలి, వెంటనే కావాలి, ఉచితంగా కావాలి. ఖర్చు మాట వచ్చేసరికి ఎవరి దారి వారిది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఇండోనేషియా ఈ తంతు భరించలేకే 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు బర్డ్‌ఫ్లూ వైరస్ నమూనాలు పంపడం ఆపేసింది. తాము ఉచితంగా ఇచ్చిన వైరస్‌తో ఆస్ట్రేలియా కంపెనీ టీకా తయారు చేస్తే, దాన్ని కొనే స్తోమత తమకు లేదన్నది ఆనాటి ఆరోగ్యమంత్రి సితి ఫదీలా సుపారి వాదన. ప్రపంచం ఆమెను తిట్టిపోసింది. రెండేళ్లకే స్వైన్‌ఫ్లూ వచ్చింది. టీకాలో సింహభాగాన్ని సంపన్న దేశాలు ముందస్తు ఒప్పందాలతో ఎగరేసుకుపోయాయి. ఆమెది అతి అనుమానమని అప్పుడు ఎవరూ అనలేకపోయారు.

ఎవరి ఆరోగ్యానికి వారే ఖర్చు పెట్టుకోవాలి, ఎంతకాలం పరాయి సాయం అంటున్నవారు లేకపోలేదు. కానీ ఇది సాయం కాదు, తీసుకున్న సరుకుకు చెల్లించాల్సిన ధర. నమూనాలతో లాభపడే కంపెనీలు ఏటా 2.8 కోట్ల డాలర్లు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థలో ఫ్లూ వైరస్ నమూనాలపై దేశాలు చేసుకున్న 2011 ఒప్పందంలో రాసుకున్నది అందుకే. 2025 మేలో కుదిరిన మహమ్మారి ఒప్పందంలో మాత్రం నమూనాలిచ్చిన దేశాలకు దక్కేదేమిటన్న అసలు అనుబంధాన్ని తర్వాతి బేరాలకు వదిలేశారు. మరోవైపు అమెరికాను చూసి అర్జెంటీనా కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి తప్పుకుంటానంది. రేపు ఇంకో దేశం ‘మీరు డబ్బు ఆపారు, మేం నమూనాలు ఆపుతాం’ అంటే ఏ మొహంతో తప్పుపడతారు?

మనమూ ఒడ్డున కూర్చుని చూస్తున్నవాళ్లం కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు గుట్టలుగా చచ్చాయి. మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. అది బర్డ్‌ఫ్లూ అన్న పుణె ల్యాబు నిర్ధారణ పాప పోయాక గానీ బయటికి రాలేదు. ప్రపంచానికి ఫార్మసీ అని వేదికలెక్కి చెప్పుకునే ఢిల్లీ పెద్దలు ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలువున్న జెనీవాలో పేద దేశాల పక్షాన గట్టిగా మాట్లాడాలి. దానికంటే ముందు, కోళ్లు చచ్చిన మండలాల్లోని ఆస్పత్రుల్లో జ్వరాలతో వచ్చేవారికి స్వాబ్ తీసే దిక్కుందో లేదో ఫైళ్లలో కాకుండా అక్కడికే వెళ్లి చూడాలి.