టాపు లేని వారసత్వం

మా బర్కత్‌పురా ఇంటి వెనక రేకుల షెడ్డులో తాతయ్య కొన్న మోరిస్ మైనర్ కన్వర్టిబుల్, అంటే గుడ్డ టాపు మడిచేసే కారు, ఉంది. 30 ఏళ్లుగా కదల్లేదు. బాగు చేయించాలా, విడిభాగాలుగా అమ్మేయాలా అన్న చర్చ మాత్రం ఏ పండక్కీ ఆగలేదు. దేశానికి రాజ్యాంగం మూడేళ్లు నిండకుండానే తయారైంది. మా ఇంట్లో అలాంటి తొందరపాటు పనులు జరగవు.

ఈ రకం కన్వర్టిబుళ్ల తయారీ 1969లోనే ఆగిపోయింది. అరుదైన బండి కాబట్టి ఉంచాలని పెదనాన్న, అరుదైంది కాబట్టే అమ్మాలని బాబాయి. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూసొచ్చాక పెదనాన్న నడకే మారిపోయింది. ‘వాళ్లు బాగు చేయించుకోలేదూ?’ అంటారు. నిజాముకూ మాకూ ఉన్న స్వల్ప తేడాను ఎవరూ ఎత్తరు. 50 ఏళ్లు దాటిన బండికి 20,000 రూపాయలు కడితే ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ నంబరిస్తారని 2021 నాటి కేంద్ర నిబంధనలు కూడా చదివి పెట్టుకున్నారు. ఆ ప్లేటు తగిలించడానికి బంపరు లేదు, అది వేరే సంగతి. బాబాయి లెక్క సులువు: ఇంజను ఒకరికి, డైనమో ఒకరికి, స్టీరింగు జూబ్లీహిల్స్‌లో ఏదో ఒక కాఫీ షాపు గోడకి.

చివరికి ఒక పెద్దాయన మెకానిక్‌ను పిలిచాం. ఆయన తలుపు కింద స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. ఇడ్లీలో చెంచా దిగినట్టు దిగింది. అరచేతి నిండా తుప్పు రాలింది. మామూలు కారుకైతే పైకప్పూ బలమిస్తుందట. టాపు లేని బండికి బలమంతా తలుపుల కింది గడపల్లోనే. డోర్లకు అడ్డంగా కడ్డీలు వెల్డింగ్ చేసి నిలబెట్టకుండా ఆ గడపల్ని కోస్తే బండి నడుం వంగిపోతుంది, ఇక తలుపులు పడవు. ‘గడప పోయినంక ఇల్లేముంటది సార్’ అన్నాడు. అత్తయ్య కళ్లు తుడుచుకుంది.

ఇల్లు డెవలప్‌మెంట్‌కు ఇచ్చేశామని చెప్పడం మరిచాను. అది ఒక టీ తాగే లోపు తేలిపోయింది. బిల్డరుకు సగం, మాకు సగం, తలా ఒక ఫ్లాటు. నాయనమ్మ ప్రతి శుక్రవారం పసుపు రాసిన టేకు గడప, తలుపులతో పాటు ట్రాలీ ఆటో ఎక్కి పాత కలప డిపోకు వెళ్లిపోయింది. ఆ రోజు అత్తయ్య అడిగింది ఒక్కటే: తన ఫ్లాటు తూర్పు ముఖమేనా అని.

కారు జోలికి మాత్రం ఎవరూ పోకూడదని మొన్న ఆదివారం ఏకగ్రీవంగా తీర్మానించాం. కొత్త ప్లానులో ఫ్లాటుకు ఒకటే పార్కింగ్. ఎవరి దాంట్లో పెడదామని అడగ్గానే అందరికీ ఒకేసారి ఫోన్లొచ్చాయి.

ఇంతలో కారు వెనక సీట్లో పిల్లి ఈనింది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, అది తనంతట తాను కదిలేదాకా బండిని ముట్టుకోవద్దని పెదనాన్న ఆర్డరు. పాపం, బిల్డరు రోజూ పొద్దున్నే ఫోన్ చేసి పిల్లి క్షేమం కనుక్కుంటున్నాడు.