శాలువా వద్దు, అధికారం ఇవ్వండి

2017 ఏప్రిల్ 21న మునగలపాళెం రైతులు తిరుపతి ప్రాంతంలోని ఏర్పేడు పోలీస్ స్టేషన్ దగ్గరికి వచ్చింది స్వర్ణముఖి నదిలో ఇసుక తవ్వకాలు ఆపించండని అడగడానికి. స్టేషన్ ముందు గుమిగూడి ఉన్నవాళ్ల మీదికి అదుపు తప్పిన లారీ దూసుకొచ్చింది. పదిహేను మంది దాకా చనిపోయారు. నాయకులు వచ్చి పరామర్శించారు, పరిహారం ప్రకటించారు. కానీ ఆ రైతులు అడగడానికి వచ్చిన మాట మాత్రం ఇన్నేళ్లయినా అలాగే ఉంది. మా ఏట్లో ఇసుక పోతోందని చెబితే వినే నాథుడెవరు? ఊరు ఊరంతా కదిలి రోడ్డెక్కితే తప్ప ఫిర్యాదుకు విలువ లేని పరిస్థితి ఎందుకు వచ్చింది?

ఇసుక గొడవను కాంట్రాక్టర్ల తగాదాగానో, పార్టీల తగాదాగానో చూడటం మనకు అలవాటైపోయింది. గట్టున ఉన్న రైతుకు అది బావిలో నీటి సంగతి. స్వర్ణముఖి ఏడాది పొడవునా పారే నది కాదు. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నాలుగు వానలు గట్టిగా పడితే పారుతుంది, తరవాత ఎండుతుంది. పైకి ఎండినట్టు కనిపించినా అడుగున ఇసుక మేటలో నీళ్లు నిలిచే ఉంటాయి. చంద్రగిరి నుంచి శ్రీకాళహస్తి దాటి నాయుడుపేట వరకు గట్ల మీది బావులకూ బోర్లకూ ఆ నీరే ఆధారం. ఒకప్పుడు ఏటి ఇసుకలో ఏటవాలుగా ఊటకాలువలు తీసి, మోటారు లేకుండా, కరెంటు లేకుండా ఆ నీటిని పొలాలకు మళ్లించుకునేవారు. జేసీబీ పెట్టి నిలువు లోతు తవ్వేస్తే ఏరు కిందికి దిగిపోతుంది. ఊటకాలువ మొదలు గాల్లో మిగిలిపోతుంది. బావిలో ఊట నదివైపే తిరిగి జారిపోతుంది. ఇది అర్థం కావడానికి భూగర్భ శాస్త్రం చదవనక్కర్లేదు. నిన్నటిదాకా గంటసేపు పోసిన మోటారు ఇవాళ ఇరవై నిమిషాలకే గాలి కొడుతుంటే రైతుకు తెలిసిపోతుంది.

అంటే పర్యావరణానికి జరిగే నష్టాన్ని అందరికంటే ముందు పసిగట్టేది ఊళ్లో మనిషే. ఉపగ్రహ చిత్రంలో కనపడేనాటికి, కమిటీ నివేదికకు ఎక్కేనాటికి, పుణ్యకాలం గడిచిపోతుంది. అయినా ఆ ముందు చూసిన మనిషికి మన వ్యవస్థ ఇచ్చిన స్థానం ఏమిటి? అర్జీదారు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక దగ్గర క్యూలో నిలబడి, కాగితం ఇచ్చి, రసీదు తీసుకుని రావడం. అక్కడి నుంచి ఆ కాగితం చేసే ప్రయాణం తెలిసినవాళ్లకు నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. కలెక్టరేట్ నుంచి డివిజన్‌కు, అక్కడి నుంచి తహసీల్దారుకు, తహసీల్దారు నుంచి అదే ఊరి వీఆర్వోకు. చెరువు ఆక్రమణను పట్టించుకోవడం లేదని ఎవరి మీద ఫిర్యాదో ఆయన చేతికే అది విచారణకు వస్తుంది. అప్పటికి ఫిర్యాదు చేసిందెవరో ఆక్రమించినవాడికి తెలిసే ఉంటుంది. వారం తిరిగేసరికి అర్జీదారు ఇంటిముందు ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. ‘నీకెందుకు అన్నా ఈ గొడవలు’ అంటారు. మర్యాదగానే అంటారు, మొదటిసారి.

ఇంకోవైపు జూన్ 5 వస్తుంది. పర్యావరణ దినోత్సవం. బ్యానరు కడతారు, మొక్క నాటుతారు, ‘పర్యావరణ పరిరక్షకుల’కు శాలువాలు కప్పుతారు. ఆ శాలువా కప్పించుకున్నవాళ్లను మేం తప్పుపట్టడం లేదు. వాళ్లలో నిజంగా చెమటోడ్చినవాళ్లు ఉన్నారు. అలిపిరి మెట్లదారిలో చెత్త ఏరే విద్యార్థులున్నారు, ఇంటింటికీ తిరిగి తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని బతిమాలే పారిశుద్ధ్య కార్మికులున్నారు. (ఆ కార్మికులకు శాలువా అందిన దాఖలా తక్కువ, అది వేరే సంగతి.) ప్రభుత్వానికి ఎటువంటి ప్రజా భాగస్వామ్యం ముద్దొస్తుందో గమనించండి. చీపురు పట్టుకునేది, మొక్కకు నీళ్లు పోసేది. సర్వే నంబరు అడిగే భాగస్వామ్యం అంటే మాత్రం చేదు.

మన ప్రాంతపు చరిత్ర ఇలా లేదు. చెరువును కాపాడటం ఇక్కడ ఎప్పుడూ దానధర్మంగా చేసే పని కాదు, అదొక వృత్తి, బాధ్యత, హక్కు. తూము ఎత్తడానికీ దించడానికీ, ఏ మడికి ఎంత నీరో పంచడానికీ ఊరికి ఒక నీరుగంటి ఉండేవాడు. పంట నూర్పిడి దగ్గర అతని వాటా అతనికి కొలిచేవారు. కట్ట మరమ్మతు చూసుకునేవారికి ఆ పనికి ప్రతిఫలంగా ఇచ్చిన భూములు, దశబంధం మాన్యాలు ఉండేవని రాయలసీమ శాసనాలు చెబుతున్నాయి. తిరుమల శాసనాలైతే మరీ ముచ్చటైన సంగతి చెబుతాయి. విజయనగర కాలంలో భక్తులు స్వామివారికి సమర్పించిన సొమ్మును దేవస్థానం తన గ్రామాల్లో చెరువుల మీద, కాలువల మీద పెట్టించేది. దానివల్ల పెరిగిన పంట నుంచే దాత పేరిట నైవేద్యం జరిగేది. దేవుడి ప్రసాదానికీ చెరువు కట్టకూ మధ్య లెక్క రాసుకుని, రాతిమీద చెక్కించిన నేల ఇది. ఆ పద్ధతిలో కులాల నిచ్చెన లేదని, అన్యాయం లేదని చెప్పబోము, ఉన్నాయి. కానీ కాపలా కాసేవాడికి బతుకుదెరువు చూపించాలని, అతని మాట చెల్లాలని వాళ్లకు తెలుసు. మనం ఆ రెండూ తీసేసి, ‘చైతన్యం’ మాత్రం కావాలంటున్నాం.

ఆ పనిలో ఎంత నేర్పుందో 2021 నవంబరులో చూశాం. ఆ నెల 18, 19 తేదీల్లో తిరుపతిని వాన ముంచెత్తింది. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు నిండి కట్ట నుంచి నీరు ఊరడంతో దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. ఇసుక మూటలతో లీకేజీని కట్టడి చేసేదాకా జిల్లాకు నిద్ర లేదు. కట్టను చదవడం తెలిసిన రైతు అలాంటప్పుడు ముందు వెనకవాలు మీదికి దిగి, ఊరుతున్న నీటిని అరచేతిలోకి తీసుకుని చూస్తాడు. తేటగా ఉంటే ఫరవాలేదు, కట్ట ఊపిరి తీసుకుంటోందంటాడు. మసకగా ఉంటే, వేళ్ల మధ్య మన్ను తగిలితే, లోపల మట్టి కోసుకుపోతోందని అర్థం. ఇక మూటలు ఎక్కడ వేయాలో, మొరవ (చెరువు నిండితే మిగులు నీరు బయటికి పోయే చోటు) దగ్గర అడ్డం ఏం తీయాలో అరిచి చెబుతాడు. ఎలుక బొక్కలు, పీత బొక్కలు ఎక్కడున్నాయో, సర్కారుతుమ్మ వేళ్లు కట్టలోకి ఎంత దిగాయో వేసవిలోనే తెలిసినవాడు ఆయనే. ఎన్నో చెరువులు చూసుకోవాల్సిన ఇరిగేషన్ ఇంజినీరుకు ఇది తెలియాలంటే ఎలా తెలుస్తుంది? మన చెరువులు గొలుసుకట్టు. పైచెరువు మొరవ పోతే కిందిచెరువు నిండాలి. నడుమ వంకను ఒక్క లేఅవుటు పూడ్చేసినా ఆ నీరు ఇళ్లలో నుంచి దారి వెతుక్కుంటుంది.

తిరుపతి నగరంలో ఆ వారం జరిగిందదే. కొరమేనుగుంట, గొల్లవానిగుంట, ఆటోనగర్ నీళ్లలో ఉన్నాయి. వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నిలిచిన వాననీటిలో వాహనం మునిగి, దర్శనానికి వచ్చిన కొత్త పెళ్లికూతురు చనిపోయింది కూడా ఆ ఏడాదే, అంతకుముందు నెలలో. శేషాచలం మీద కురిసిన వాన కిందికి రావడం ఇవాళ కొత్తగా మొదలు కాలేదు. కింద దాన్ని పట్టుకునే గుంటలే తరిగిపోయాయి. ఫలానా చోట కాలువ ఉండేదని ఆయా వీధుల్లో పెద్దవాళ్లు చెబుతూనే ఉన్నారు. లేఅవుటుకు అనుమతి ఇచ్చేటప్పుడు వాళ్లను అడిగినవాళ్లు లేరు.

ఊరివాళ్లంతా ధర్మరాజులని మేం అనడం లేదు. రాత్రి పదకొండింటికి ఏట్లోకి దిగే ట్రాక్టరు చాలాసార్లు ఆ ఊరిదే, ఫిర్యాదు చేసినాయన బావమరిదిదే కావచ్చు. చెరువు లోపల నీరు తగ్గగానే నాలుగు సాళ్లు వేసి, మరుసటి ఏడు గట్టు పోసి, ఆపైన పట్టా కోసం తిరిగేవాళ్లూ రైతులే. అందుకే ‘ప్రజలే చూసుకుంటారు’ అని చేతులు దులుపుకుంటే కుదరదు. బంధువుతో తగువు పెట్టుకోవాల్సిన పనిని ప్రభుత్వ హద్దురాయి చేయాలి. రాయి పాతి ఉంటే ‘అది నేను అనడం లేదు, రాయి అంటోంది’ అని చెప్పుకోగలుగుతాడు మనిషి. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణల గురించి స్పష్టంగా చెప్పింది. ఎన్నేళ్లుగా అనుభవిస్తున్నా, ఎంత ఖర్చుపెట్టి కట్టుకున్నా అది సాకు కాదని, ఖాళీ చేయించే పథకాలు తయారుచేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. తీర్పు ఉంది. డైగ్లాట్‌లో, అంటే ఊరి భూముల పాత రిజిస్టరులో, ‘చెరువు పోరంబోకు’ అని రాసీ ఉంది. పొలంలోనే రాయి లేదు.

ప్రజలకు హక్కూ లాభమూ కలిసి కనిపిస్తే కాపలా ఎలా నిలుస్తుందో చూడాలంటే మన జిల్లాలోనే నేలపట్టు ఉంది. సూళ్లూరుపేట దగ్గర ఆ చెరువులో నీళ్లలో నిలబడే చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. పులికాట్‌కు వెళ్లి మేత తెచ్చుకుని పిల్లలను పెంచుతాయి. 1976లో ప్రభుత్వం దాన్ని అభయారణ్యంగా ప్రకటించకముందు నుంచీ ఆ పక్షుల జోలికి పోకూడదనే కట్టుబాటు ఊళ్లో ఉంది. భక్తి ఉంది, సరే. దానితోపాటు రెట్ట కలిసిన చెరువు నీరు పారితే మడికి ఎరువు ఖర్చు తగ్గుతుందన్న లెక్క కూడా ఉంది. ఆ లెక్కను చిన్నచూపు చూడనక్కర్లేదు. పొలానికి పనికొచ్చే పక్షిని ఎవరూ కొట్టరు.

కాబట్టి తిరుపతి, చిత్తూరు జిల్లాల యంత్రాంగాన్ని మేం అడిగేవి కొత్త చట్టాలు కావు. 1997 చట్టం కింద నీటి సంఘాలున్నాయి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలోనూ యాజమాన్య కమిటీ ఉండాలి. అదే ఏడాది వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ఇసుకనూ చెట్టునూ బోరునూ కలిపి చూడమంటోంది. చాలాచోట్ల ఇవన్నీ కాగితం మీద పడుకున్నాయి. వాటిని లేపడానికి మొదట చేయాల్సింది హద్దులు. ప్రతి చెరువుకూ పూర్తి నీటిమట్టం దాకా సర్వే చేసి, రాళ్లు పాతి, ఆ నక్షాను గ్రామ సచివాలయం గోడకు అతికించాలి. ఊళ్లో పెద్దల సమక్షంలో కొలవాలి, ఆఫీసులో కూర్చుని గీయకూడదు. ఆ సర్వే నంబర్లన్నీ రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఎ నిషేధిత జాబితాలో ఉన్నాయో లేవో రిజిస్ట్రేషన్ శాఖ చూసుకోవాలి. ఎందుకంటే దస్తావేజు ఒక్కసారి అయిపోతే ఆ తరవాత కొన్నవాడి ఏడుపు కూడా నిజమైనదే అవుతుంది.

రెండో పని అంతకంటే కష్టం. ఇసుక మీద, ఆక్రమణ మీద వచ్చిన ఫిర్యాదును ఆ మండలం వాళ్లే విచారించే పద్ధతి మానాలి. పక్క డివిజన్ అధికారి చేత చేయించాలి, అర్జీదారు పేరు కిందికి పంపకూడదు. ‘సంబంధిత శాఖకు పంపడమైనది’ అనే ఒక్క వాక్యాన్ని పరిష్కారంగా లెక్కగట్టడం ఆపితే సగం అర్జీలు నిజంగా కదులుతాయి. బెదిరింపు వచ్చిందని అర్జీదారు చెబితే స్టేషన్‌లో అది విడి కేసుగా నమోదవ్వాలి, రాజీకి పిలవకూడదు.

ఇక వానాకాలపు కాపలా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెద్ద చెరువుల కట్టల మీద ఊరివాళ్లనే ఇద్దరిద్దరిని కూలి ఇచ్చి పెట్టండి. టార్చిలైటు, రెయిన్‌కోటు, మూటలు, ఇంజినీరు ఫోను నంబరు ఇవ్వండి. మసక నీరు వస్తోందని వాళ్లు ఫోన్ చేస్తే జేసీబీ పంపించే అధికారం మండలంలోనే ఉండాలి, ఫైలు తిరుపతికో చిత్తూరుకో వెళ్లి రాకూడదు. కంప కొట్టడం, బొక్కలు పూడ్చడం, తూము షట్టరుకు గ్రీజు పెట్టడం వేసవిలో జరగాల్సిన పనులు. అవి సెప్టెంబరు చివరికల్లా పూర్తయ్యాయో లేదో చెరువు చెరువుకూ రాసి, ఆ జాబితాను కలెక్టర్లిద్దరూ అక్టోబరు మొదటి వారంలో బయటపెడితే, మా పత్రికలో ఒక్క పేరు వదలకుండా అచ్చువేస్తాం.